తెల్ల చుక్క

నవంబరు 3, సోమవారం

ఈ నోటుబుక్కు కొని మూడేళ్ళయింది. మొదటి పేజీలో "రోజూ రాయాలి" అని రాసి అక్కడితో ఆపేశాను. ఇవాళ రాయకపోతే తల పగిలిపోయేలా ఉంది. అక్షరాలు ఎలా పడితే అలా పడనీ.

పొద్దున పదింబావుకి ల్యాబు. నేను బోర్డు మీద ప్రయోగం పేరు రాస్తున్నాను. పక్క స్టోరు గదిలో సీసాలక్క అరలు తుడుస్తోంది. ఆమె అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. పదిహేడేళ్ళుగా మా కెమిస్ట్రీ స్టోరుకి అటెండరు. మూడొందల పన్నెండు సీసాల్లో ఏది అడిగినా కళ్ళు మూసుకుని తీసిస్తుంది, అందుకని పిల్లలు పెట్టిన పేరు అది.

స్టోరులోంచి బుస్సుమని చప్పుడు. వెంటనే కేక.

వెళ్ళేసరికి గదంతా తెల్లటి పొగ, ముక్కుపుటాలు మండిపోయే ఘాటు. సీసాలక్క రెండు చేతులతో మొహం కప్పుకుని అరకి ఆనుకుని కూర్చుంది. పక్కన తడిగుడ్డ. ఈడ్చుకుంటూ తీసుకెళ్ళి కుళాయి కింద తల పెట్టాను. "ఊపిరాడట్లేదు మేడమ్, వదలండి" అంటుంటే "నోరు మూసుకో, కన్ను తెరువు, తెరువంటుంటే!" అని అరిచాను. అరగంట అలాగే పట్టుకున్నాను. నా చీర సగం తడిసిపోయింది, ఎవరో బండి తెచ్చారు.

కుడికన్ను బాగానే ఉంది. ఎడమకన్ను నల్లగుడ్డు మీద పొర కాలిపోయిందట. ఆపరేషన్ చేసి పొర మార్చాలి, నెలలోపు చేయకపోతే ఆ కన్ను ఇక లేనట్టే అన్నాడు డాక్టరు.

అది అనార్ద్ర, అంటే తేమ బొత్తిగా లేని, అల్యూమినియం క్లోరైడ్ సీసా. పాతది. మూత బీటలిచ్చి పొడి అరలో రాలింది. రాలినదాన్ని తడిగుడ్డతో తుడిచింది. ఆ పొడికి నీళ్ళు తగిలితే ఊరుకోదు.

ఆ సీసా మీద తెల్ల చుక్క ఉంది. నేను పెట్టించినదే. కానీ ఆ సీసా సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. ఎవరూ చెప్పనిది నాకెలా తెలుస్తుంది?

నవంబరు 4, మంగళవారం

చుక్కల సంగతి ఒక్కసారి సాపుగా రాసుకుంటే నాకే మనసు కుదుటపడుతుంది.

పదకొండేళ్ళ కింద స్టోరు కొత్తగా సర్దాం. సీసాలక్కకి అక్షరాలు వచ్చు, ఫార్ములాలు రావు. అందుకని రంగు కాగితం గుండ్రంగా కత్తిరించి ప్రతి సీసాకీ చుక్క అంటించాం. ఆమ్లానికి ఎరుపు, క్షారానికి నీలం, లవణానికి తెలుపు. తలుపు మీద ఒక కాగితం, కింద నా సంతకం:

ఎరుపు ఒలికితే ముట్టుకోవద్దు, మేడమ్‌ని పిలవాలి.
నీలం ఒలికితే గ్లౌజులు వేసుకోవాలి.
తెలుపు ఒలికితే తడిగుడ్డతో తుడిచేయాలి.

అల్యూమినియం క్లోరైడ్‌కి తెలుపు ఎందుకు పెట్టాను? మొదటి నిర్వచనం ప్రకారం నీటిలో హైడ్రోజన్ అయాన్లు ఇచ్చేది ఆమ్లం, హైడ్రాక్సైడ్ అయాన్లు ఇచ్చేది క్షారం. అర్హీనియస్ చెప్పినది, స్కూలు పిల్లలకి కూడా తెలిసినది. ఈ ఫార్ములాలో హైడ్రోజన్ ఎక్కడుంది? మందుకి వెతికినా లేదు. లోహం ఉంది, క్లోరిన్ ఉంది. కనక లవణం. కనక తెలుపు. తప్పు ఎక్కడుందో చూపించమనండి.

రెండో నిర్వచనం, బ్రాన్‌స్టెడ్-లౌరీ వాళ్ళది: ప్రోటాన్ ఇచ్చేది ఆమ్లం, పుచ్చుకునేది క్షారం. మొదటిదానికి అమోనియా ఎందుకు క్షారమో చెప్పడం చేతకాలేదు, అందులో హైడ్రాక్సైడ్ లేదు కదా. రెండోది చెప్పగలిగింది, నీటి దగ్గర ప్రోటాన్ పుచ్చుకుంటుంది కాబట్టి అని. దీని ప్రకారం చూసినా నా సీసాలోని పొడి దగ్గర ఇవ్వడానికి ప్రోటాన్ లేదు. కనక తెలుపే.

రెండు నిర్వచనాలు నావైపు ఉన్నాయి.

మూడోది కూడా ఉంది. అది పై తరగతులకి.

నవంబరు 5, బుధవారం

పెద్దసారు పిలిచారు. మా ప్రిన్సిపాలు. చెక్క కుర్చీలో కూర్చుని పేపరువెయిటు బొంగరంలా తిప్పుతూ మాట్లాడతారు, అది ఆగేదాకా అసలు విషయం బయటికి రాదు.

"కేంద్ర కార్యాలయం నుంచి విచారణకి ఒకావిడ వస్తోంది మేడమ్ గారూ. నియమం మీకు తెలియనిది కాదు. అటెండరు సూచనల ప్రకారమే చేసి ఉంటే ఆపరేషన్ సంస్థే చేయిస్తుంది, ఉద్యోగం ఉంటుంది. సూచన మీరి ఉంటే రెండూ ఉండవు."

"సూచన ప్రకారమే చేసింది సార్. తెల్ల చుక్క, తడిగుడ్డ."

"అప్పుడు సూచన రాసినవాళ్ళ సంగతి చూస్తారు." పేపరువెయిటు ఆగింది. "ఇరవయ్యారేళ్ళ సర్వీసు. ఇంకో నాలుగేళ్ళలో గౌరవంగా దిగిపోవాల్సిన మనిషి. మన కాలేజీకి ఉన్న ఒకే ఒక్క మంచి పేరు మీ డిపార్ట్‌మెంటు."

పేపరువెయిటుని తీసి ఫైళ్ళ మీద పెట్టారు.

"చుక్క అంటే కాగితం ముక్కే కదా మేడమ్ గారూ. ఏ రంగు ఉంటే సబబో మీకంటే ఎవరికి తెలుసు? సోమవారం స్టోరుకి సీలు వేస్తాను. ఈలోగా తాళాలు మీ దగ్గరే ఉంటాయి."

ఆయన ఏం చెప్పారో నాకు అర్థం కాలేదు.

నవంబరు 6, గురువారం

ఇవాళ పాఠం ఆమ్లాలు, క్షారాలు. కావాలని ఇవాళే వచ్చి పడింది ఖర్మ.

ఏటా ఈ పాఠానికి పక్క సెక్షన్ల పిల్లలు కూడా వచ్చి వెనక నిలబడతారు. బోర్డు మీద మూడు వలయాలు గీస్తాను, ఒకదాని చుట్టూ ఒకటి. చిన్న వలయం మొదటి నిర్వచనం, దాన్ని కలుపుకుని రెండోది, ఆ రెండింటినీ కలుపుకుని మూడోది. "లోపల ఉన్నవాళ్ళు బయట ఉన్నవాళ్ళని మనుషులే కాదంటారు, వలయం పెద్దది చేసి చూస్తే అందరూ చుట్టాలే" అంటాను. నవ్వుతారు. నాకు కోపం వస్తే మొహం ఎర్రబడుతుందని పిల్లలు నన్ను లిట్మస్ మేడమ్ అంటారు, అది కూడా ఈ పాఠంలోనే పుట్టింది.

ఇవాళ రెండు వలయాలే గీశాను.

ముందు బెంచీ పిల్ల చేయెత్తింది. "మూడోది ఎప్పుడు మేడమ్?"

"అవసరం లేదు. పరీక్షకి రాదు."

"సిలబస్‌లో ఉంది మేడమ్..."

"నేను చెప్తున్నాను కదా, రాదని! కూర్చో."

పిల్ల బిక్కమొహం వేసింది. వెనక నిలబడ్డవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గంట కొట్టడానికి ఇంకా పావుగంట ఉండగానే బయటికి వచ్చేశాను.

నవంబరు 7, శుక్రవారం

స్టోరుకి వెళ్ళాను. ఏమీ చేయలేదు.

నవంబరు 8, శనివారం

ఆసుపత్రికి వెళ్ళాను. కిటికీ పక్క మంచం. ఎడమకన్ను మీద దూది, పైన ప్లాస్టర్. నా అడుగుల చప్పుడుకే పోల్చుకుంది.

"రండి మేడమ్. ల్యాబులు ఎవరు చూస్తున్నారు? మూడో అరలో బ్యూరెట్లు విడిగా పెట్టాను, పిల్లల చేతికి ఇవ్వకండి, విరగ్గొడతారు."

"ముందు నీ సంగతి చూసుకో."

"నాకేముంది? తినడం, పడుకోవడం. మా ఆయన ఇంట్లో వండుతున్నాడట, ఆ గిన్నెల్ని తలుచుకుంటేనే ఏడుపొస్తోంది."

కూతురు మూలన స్టూలు మీద కూర్చుని ఉంది. "కూర్చోండి ఆంటీ" అని లేచి స్టూలు ఇచ్చింది. నేను ఉన్నంతసేపూ నావైపు చూస్తూనే ఉంది.

వచ్చేస్తుంటే సీసాలక్క అంది. "మేడమ్, ఆ సీసా గురించి నేను అప్పుడు అడిగాను, గుర్తుందా?"

"ఎప్పుడు? ఏం అడిగావు?"

ఉన్న ఒక్క కన్నుతో కాసేపు చూసింది. "ఏం లేదులెండి."

దేని గురించో నాకు తెలియదు. పదిహేడేళ్ళలో రోజుకి పది ప్రశ్నలు అడిగి ఉంటుంది. అన్నీ గుర్తుపెట్టుకోవడానికి నేనేమైనా రికార్డు పుస్తకమా?

నవంబరు 9, ఆదివారం

మా ఆయనకి మందుల షాపు ఉంది. ఆయన లోకమంతా అట్టపెట్టెలూ గడువు తేదీలూ. అన్నం తింటుంటే నిర్వచనాలన్నీ చెప్పాను. మధ్యలో అడ్డు రాకుండా విన్నాడు, అది ఆయన స్వభావం కాదు.

"అదంతా సరే. పొడి మీద నీళ్ళు పడితే మంట పుడుతుందని నీకు తెలుసా, తెలియదా?"

"తెలుసు. అది వేరే..."

"తెలిసీ తడిగుడ్డ పెట్టమని రాశావా?"

"ఆ సీసాకని విడిగా రాయలేదండీ. లవణాలకి రాశాను. అది లవణం. నిర్వచనం ప్రకారం..."

"ఏమోయ్, మా షాపుకి దగ్గుతో వచ్చినవాడికి నిర్వచనం ఇచ్చి పంపిస్తే ఊరుకుంటాడా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. "మీకు కెమిస్ట్రీ రాదు, మాట్లాడకండి" అన్నాను. చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. కంచంలో సగం అన్నం అలాగే ఉంది. ఇద్దరి కంచాల్లోనూ.

నవంబరు 10, సోమవారం

స్టోరుకి సీలు వేశారు. తాళాలు పెద్దసారు పుచ్చుకున్నారు. "అంతా సవ్యంగా ఉందా మేడమ్ గారూ?" అని అడిగారు. ఉందన్నాను.

నవంబరు 11, మంగళవారం

నా తప్పేమీ లేదు.

నవంబరు 12, బుధవారం

శుక్రవారం ఏమీ చేయలేదని రాశాను. అది అబద్ధం. నా డైరీకి నేనే అబద్ధం చెప్పాను, ఇంతకంటే సిగ్గుమాలినతనం ఇంకేముంటుంది.

శుక్రవారం మధ్యాహ్నం, అందరూ భోజనాలకి వెళ్ళాక, స్టోరు తలుపు తీసి లోపల గడియ పెట్టాను. చుక్కలు దాచే డబ్బాలో ఎర్రవి అయిపోయాయి. పెద్దసారు ఫైళ్ళకి వాడే ఎర్రకాగితం ఒకటి చేతిసంచిలో ఉంది. ఎలా వచ్చింది అని రాయబోయాను. నేనే పెట్టుకున్నాను. కత్తెరతో చుక్క కత్తిరించి, జిగురు రాసి, ఆ సీసా మీద ఉన్న తెల్ల చుక్క మీద అంటించాను. వేలితో నొక్కి పట్టుకుని అరవై లెక్కపెట్టాను, ప్రయోగం చేసేటప్పుడు లెక్కపెట్టినట్టే.

సీసా మీద ఎరుపు ఉంటే నా సూచన సరైనదే. ఎర్ర చుక్క సీసాని నన్ను పిలవకుండా ముట్టుకున్నది ఆమె. కన్ను పోయినా ఆమె నిర్లక్ష్యం వల్లే పోయినట్టు. ఆపరేషన్ లేదు, ఉద్యోగం లేదు.

ఆ సీసా అప్పటికే ఎర్రదై ఉండాల్సింది కదా, సరిదిద్దుతున్నానంతే అని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. నిజంగానే నమ్మాను. పది నిమిషాలు నమ్మాను.

ఇప్పుడు పీకేద్దామన్నా గదికి సీలు ఉంది.

నవంబరు 14, శుక్రవారం

నోటీసు వచ్చింది. విచారణ 18న, పదకొండు గంటలకి, స్టోరు గదిలోనే. అటెండరు కూడా హాజరు కావాలట. కన్ను మీద ప్లాస్టరుతో.

నవంబరు 16, ఆదివారం

గుర్తుంది. మొదటినుంచీ గుర్తుంది.

ఐదేళ్ళ కింద. ఇదే పాఠం, మూడు వలయాలు. సీసాలక్క ల్యాబు తలుపు దగ్గర ట్రే పట్టుకుని నిలబడి వింటోంది. ఏటా వినేది, ఎవరూ ఏమనుకోరు. ఆవేళ మూడో నిర్వచనానికి నేను పెట్టుకున్న ఉదాహరణ ఈ పొడే. ఇంకొకదాని దగ్గర ఉన్న ఎలక్ట్రాన్ జంట కోసం ఆబగా చేయి చాపేది లూయిస్ ఆమ్లం. అల్యూమినియం క్లోరైడ్‌లో హైడ్రోజన్ లేదు, అయినా ఆమ్లమే, నీళ్ళు కనపడితే ఆక్సిజన్ దగ్గరున్న జంట మీద పడిపోతుంది, ఆ ఊపులో ఘాటు వాయువు పొగలు కక్కుతుంది అని చెప్పాను. నా అంతట నేనే చెప్పాను. చప్పట్లు కూడా కొట్టారు.

క్లాసయ్యాక సీసాలక్క వచ్చింది. "మేడమ్, ఆ పొడి ఆమ్లమే అన్నారు కదా. మన స్టోరులో దానికి తెల్ల చుక్క ఉందేంటి? ఎర్రది అంటించనా?"

నేను నవ్వాను. అవును, నవ్వాను. "అది పరీక్షలో రాయడానికే. స్టోరుకి మొదటి నిర్వచనం చాలు" అన్నాను. "నీకు ఎక్కడ దొరికింది ఈ సందేహం, నువ్వూ పరీక్ష రాస్తావా ఏంటి?" అని పక్కనున్న పిల్లలకి వినపడేలా అన్నాను. వాళ్ళూ నవ్వారు. ఆమె కూడా నవ్వి ట్రే తీసుకుని వెళ్ళిపోయింది.

మూడో తేదీ పేజీలో ఏం రాశానో ఇప్పుడు తిరగేసి చూడడానికి ధైర్యం చాలడం లేదు.

నవంబరు 17, సోమవారం

మా ఆయనకి చెప్పేశాను. చుక్క సంగతీ, ఆమె అడిగిన సంగతీ. తిడతాడనుకున్నాను. షాపు తాళాలు చేతిలో పట్టుకుని గుమ్మంలో చాలాసేపు నిలబడ్డాడు.

"రేపు నేను కూడా రానా?"

"వద్దండీ."

"ఏం చెప్తావు?"

రేపటికి చీర తీసి మడతలు సరిచేశాను. ఆయన మళ్ళీ అడగలేదు. వెళ్తూ వెళ్తూ, "కాస్త ఏదైనా తిను, పొద్దున్నించీ ఏమీ తినలేదు" అన్నాడు.

నవంబరు 18, మంగళవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

సీలు తీశారు. గదిలో ఇంకా ఆ ఘాటు ఉంది. విచారణాధికారి నా వయసు మనిషే, కళ్ళజోడు గొలుసు మెడలో వేలాడుతోంది, చదివింది లెక్కలట. పెద్దసారు కిటికీ దగ్గర. సీసాలక్కని కూతురు చేయి పట్టుకుని తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టి బయటికి వెళ్ళింది.

అధికారి ముందు నన్ను అడిగింది. "ఈ పదార్థం ఆమ్లమా, కాదా?"

"అది ఏ నిర్వచనం తీసుకుంటామో దాన్ని బట్టి..."

"మేడమ్, నాకు అవును, కాదు, ఈ రెండే కావాలి."

"మొదటి రెండు నిర్వచనాల ప్రకారం కాదు. మూడోదాని ప్రకారం అవును."

"మరి మీరు చుక్కలు ఏ నిర్వచనం ప్రకారం పెట్టారు?"

నేను నోరు తెరిచేలోపే పెద్దసారు అందుకున్నారు. "సీసా చూస్తే తెలిసిపోతుంది కదండీ." చేత్తో అర చూపించారు.

అధికారి గ్లౌజు వేసుకుని సీసా తీసింది. ఎర్ర చుక్క. దాన్ని తలుపు మీది కాగితం పక్కన పట్టుకుని మొదటి వాక్యం గట్టిగా చదివింది. ఎరుపు ఒలికితే ముట్టుకోవద్దు, మేడమ్‌ని పిలవాలి. తర్వాత సీసాని తీసుకెళ్ళి సీసాలక్క ముందు పెట్టింది.

"చూడమ్మా, ఇది ఏ రంగు?"

సీసాలక్క ముందుకి వంగింది. కుడికన్నుని సీసాకి బాగా దగ్గరగా పెట్టి చూసింది. చూసి, తలెత్తి నావైపు చూసింది.

"ఎరుపండీ" అంది.

"మరి తడిగుడ్డ ఎందుకు పెట్టావు?"

"ఏమోనండీ. తెలుపనుకున్నాను."

"అంటే చుక్క సరిగ్గా చూడలేదు."

"అలాగే రాసుకోండి."

అధికారి పెన్ను తీసింది. పెద్దసారు ఊపిరి వదిలారు, అది నాకు వినపడింది. కాగితం మీద పెన్ను కదలడం చూస్తున్నాను. ఆ వాక్యం పూర్తయితే నాలుగేళ్ళ తర్వాత పూలదండ వేయించుకుని ఇంటికి వెళ్తాను.

"ఆగండి" అన్నాను. సీసా తీసుకుని ఎర్రకాగితం అంచు గోటితో లేపాను. జిగురు బాగా పట్టుకుంది, అరవై లెక్కపెట్టి నొక్కాను కదా. రెండు ముక్కలై వచ్చింది. కింద తెల్ల చుక్క, పదకొండేళ్ళకి పసుపు తిరిగిపోయినది.

"ఇది నేను అంటించాను. ప్రమాదం అయ్యాక, ఏడో తేదీన. ఆరోజు ఈ సీసా మీద తెలుపే ఉంది. ఆమె నేను రాసింది తు.చ. తప్పకుండా చేసింది. ఈ పొడి ఆమ్లమని నాకు ఇరవయ్యారేళ్ళుగా తెలుసు, పిల్లలకి చెప్పాను కూడా. చుక్క మార్చనా అని ఈమే అడిగింది, ఐదేళ్ళ కింద. నేను నలుగురిలో నవ్వి పంపించాను."

ఏడవకూడదనుకున్నాను, ఏడ్చాను. ఇరవయ్యారేళ్ళలో ఆ గదిలో ఏడవడం అదే మొదటిసారి.

"ఎవరైనా మీకు ఇలా చేయమని చెప్పారా?" అంది అధికారి.

పెద్దసారు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు, అక్కడ చూడడానికి సైకిళ్ళ షెడ్డు తప్ప ఏమీ లేదు. "అంటించిన చెయ్యి నాది. మిగతాది రాతపూర్వకంగా ఇస్తాను, ఏదీ వదలకుండా" అన్నాను. ఆయన మెడ వెనక చెమట కనపడింది.

సాయంత్రానికి ఉత్తర్వు చేతికి వచ్చింది. విచారణ తేలేదాకా నేను కాలేజీ గేటు దాటి లోపలికి రాకూడదు.

నవంబరు 19, బుధవారం

ఇంట్లోనే ఉన్నాను. పెద్దసారు అన్న మాటలు, ఏ తేదీన ఏమన్నారో, నాలుగు పేజీలు రాసి పంపించాను. నా గురించి ఆరు పేజీలు వచ్చాయి.

నవంబరు 21, శుక్రవారం

ఆపరేషన్‌కి అనుమతి వచ్చిందని ఫోను. గురువారం చేస్తారట. సంస్థే చేయిస్తుంది. ఉద్యోగానికి ఢోకా లేదు. చూపు ఎంతవరకు వస్తుందో చెప్పలేమన్నాడు డాక్టరు.

వెళ్ళాను. గుమ్మం దగ్గరే కాళ్ళు ఆగిపోయాయి. కూతురు చూసి, లేచి, ఈసారి కూడా స్టూలు ఇచ్చింది. మంచినీళ్ళు కూడా ఇచ్చింది.

"నన్ను క్షమించు అనడానికి వచ్చాను" అన్నాను.

"కూర్చోండి ముందు. నిలబడి అడిగితే నాకు మెడ నొప్పి."

కూర్చున్నాను. అడగాలనుకున్నది ఒకటే. "నీకు తెలుసు కదా, అది తెలుపని. నువ్వే అంటించిన చుక్క అది. మరి ఎరుపని ఎందుకు చెప్పావు?"

"ఉన్నది ఎరుపే కదండీ. ఏ రంగు అంటే ఎరుపన్నాను." దిండు సర్దుకుంది. "మీరు అంటించిందే అని చూడగానే తెలిసిపోయింది. మన చుక్కలన్నీ నేను పావలా బిళ్ళ పెట్టి కత్తిరించినవి. అది వంకర టింకరగా ఉంది. మీకు ఏనాడూ కత్తెర పట్టడం రాదు."

"నన్ను కాపాడాలనుకున్నావా?"

"మిమ్మల్నా?" నవ్వింది, నవ్వితే ప్లాస్టరు లాగిందేమో మొహం చిట్లించింది. "కన్ను పోయింది నాకండీ. మీరు చెప్తారో లేదో చూద్దామనుకున్నా. అంతే."

"చెప్పకపోయి ఉంటే?"

"ఆవిడ రాయడం పూర్తి చేసి సంతకం పెట్టమనేది కదా. అప్పుడు లేచి నేనే పీకేదాన్ని. మీరు ముందు పీకారు." మంచం పక్క బల్ల మీద గ్లాసు తడుముకుంటుంటే అందించాను. రెండు గుక్కలు తాగింది. "మీరు పీకకపోయి ఉంటే ఇవాళ ఈ గదిలోకి రానిచ్చేదాన్ని కాదు. ఆవేళ పిల్లల ముందు నవ్వారు చూడండి, అది ఇంకా పోలేదు నాకు. దానికి వేరే అడగాలి మీరు."

అడిగాను. పేరు పెట్టి పిలిచి అడిగాను. ఆమె సరేననలేదు. ఇంకో మాట ఎత్తుకుంది.

"ఆ మూడోది నాకు మళ్ళీ ఒకసారి చెప్పండి. తలుపు మీద కొత్త కాగితం రాయాలి. ఈసారి నేను చెప్తాను, మీరు రాయండి."

మూడు వలయాలూ చేతి మీద గీసి చూపిస్తూ చెప్పాను. హైడ్రోజన్ ఇచ్చేది, ప్రోటాన్ ఇచ్చేది, ఎలక్ట్రాన్ జంటకి చేయి చాపేది. శ్రద్ధగా వింది. రెండుసార్లు ఆపి మళ్ళీ చెప్పించుకుంది.

"బాగానే ఉన్నాయి మూడూ. నాకు మాత్రం రెండే రకాలు మేడమ్. తడిగుడ్డ పెట్టొచ్చు, తడిగుడ్డ పెట్టకూడదు. మూడొందల పన్నెండూ ఒక్కొక్కటి అడుగుతాను, ఏ రకమో చెప్పండి. మొదటి అర, ఎడమ చివర."

కూతురు నోటుబుక్కు తెచ్చి నా చేతిలో పెట్టింది. చీకటి పడేలోపు అరవై నాలుగు సీసాలయ్యాయి. రేపు మిగతావి.

నవంబరు 22, శనివారం

మూడో తేదీ పేజీ తీశాను. "ఆ సీసా సంగతి నాకు ఎవరూ చెప్పలేదు" అన్నది కొట్టేసి, పక్కన రాశాను: సీసాలక్క చెప్పింది. ఐదేళ్ళ కింద, ల్యాబు తలుపు దగ్గర, ట్రే పట్టుకుని.

ఏడో తేదీ పేజీలో "ఏమీ చేయలేదు" కొట్టేయలేదు. అది అలాగే ఉండనిచ్చాను, కింద "చూడు: 12వ తేదీ" అని రాశాను.

పదకొండో తేదీ పేజీలో ఒకటే వాక్యం ఉంది: నా తప్పేమీ లేదు. దాని ముందు చాలాసేపు కూర్చున్నాను. తర్వాత చేతిసంచి తీసుకుని ఆసుపత్రికి బయల్దేరాను, రెండో అర మొదలుపెట్టాలి.